జాఫినో: చేతిరాత సొగసును అచ్చుకెక్కించిన అలంకార అక్షరం

జాఫినో రోమన్ లిపికి చెందిన ఒక అలంకార ముద్రాక్షరం. అనగా ఇంగ్లీషు, జర్మన్, ఫ్రెంచి మొదలైన భాషలను కంప్యూటరుపై కూర్చుటకు ఉపకరించే ఒక ఫాంటు. జర్మనీ దేశపు అక్షరశిల్పి హెర్మన్ జాఫ్ దీనిని రూపొందించగా, 1998లో లైనోటైప్ సంస్థ విడుదల చేసింది. చెయ్యి తిరిగిన లేఖకుడు పాళీ కలంతో తీరికగా వ్రాసినట్లు అక్షరాలు కుడివైపునకు వాలి, పైకీ క్రిందికీ పొడవైన తోకలు సాగి ఉండడం దీని లక్షణం. పేరు తెలియకపోయినా ఈ రూపాన్ని మన పాఠకులలో పలువురు చూచియే ఉంటారు. పెండ్లి పత్రికలపై ఇంగ్లీషులో అచ్చు వేసే వధూవరుల పేర్లు, ప్రశంసాపత్రాలపై గ్రహీతల పేర్లు, నగల దుకాణాల బోర్డులు ఈ అక్షరాలలోనో, వీటిని పోలిన అక్షరాలలోనో కనబడుతూ ఉంటవి.

ఇతర దేశపు లిపికి చెందిన ఒక ఫాంటును గురించి ఈ పుటలో వ్రాయుటకు కారణమున్నది. జాఫినోలో అక్షరం తన పొరుగు అక్షరాన్ని బట్టి రూపు మార్చుకుంటుంది. రోమన్ లిపికి అది కేవలం అలంకారం. లేకపోయినా చదువుటకు లోటు రాదు. తెలుగు లిపికి అదే ప్రాణం. వత్తులు, గుణింతాలు అన్నియు పొరుగును బట్టి రూపు మార్చుకునేవే. ఈ సంగతి తెలియని అచ్చుకూటంలో మన పేర్లు ఎట్లు విరిగిపోవునో సరిహద్దు ప్రాంతపు కుటుంబాలకు అనుభవమే. ఆ రెండింటికీ మూలమైన ఏర్పాటు ఒక్కటే గనుక, జాఫినో కథ తెలిసికొంటే మన పెండ్లి పత్రికల కథ కూడా కొంత తెలుస్తుంది.

గొలుసుకట్టు రాత, సీసపు అక్షరం

కలం ఎత్తకుండా ఒక అక్షరాన్ని మరొక అక్షరంతో కలుపుతూ వ్రాసే పద్ధతిని తెలుగులో గొలుసుకట్టు అంటారు. పూర్వం గ్రామ కరణాలు లెక్కలు, దస్తావేజులు ఈ పద్ధతిలోనే వ్రాసేవారు. పాత భూమి కాగితాలు దాచుకున్న ఇండ్లలో ఇప్పటికీ అటువంటి రాత కనిపిస్తుంది, చదువగలవారే అరుదు. మహారాష్ట్రలో మరాఠీని వేగంగా వ్రాయుటకు మోడీ లిపి, ఒరియా సీమలో కరణాలు వాడిన కరణి లిపి ఇదే అవసరం నుండి పుట్టినవి. ఐరోపాలోనూ అంతే. వర్తకుల ఖాతాలు, న్యాయస్థానపు పత్రాలు, ఉత్తరాలు వేగంగా వ్రాయవలసి వచ్చినప్పుడు అక్షరాలు ఒకదానిమీద ఒకటి వాలి, కలిసిపోయినవి.

చేతిరాతలో ఒకే అక్షరం రెండుసార్లు ఒకే విధంగా పడదు. పదం మొదట ఒక తీరున, నడుమ ఒక తీరున, పంక్తి చివర ఖాళీ ఉన్నప్పుడు తోక సాగి మరొక తీరున పడుతుంది. వ్రాసేవాని చెయ్యి ముందు వెనుకలు చూచుకొని నడుస్తుంది. అచ్చు అందుకు పూర్తిగా విరుద్ధం. సీసపు అక్షరం ఒక చిన్న దిమ్మెపై నిలిచి ఉంటుంది. ఎక్కడ పెట్టినా ఒకే ముఖం. తోక పొడవుగా కావాలంటే దానిని దిమ్మె అంచు దాటించి పోత పోయాలి. దిమ్మె దాటిన ఆ సన్నని భాగానికి క్రింద ఆధారముండదు కనుక ఒత్తిడికి విరిగిపోయే ప్రమాదం ఎక్కువ. వత్తులు విడిగా పేర్చిన పాతకాలపు తెలుగు కంపోజిటర్లకు ఈ బాధ వేరే చెప్పనక్కరలేదు.

అయినను ప్రయత్నాలు ఆగలేదు. 1501లో వెనిస్ నగరపు ముద్రాపకుడు ఆల్డస్ మనూషియస్, ఫ్రాంచెస్కో గ్రిఫ్ఫో చెక్కిన వాలు అక్షరాలతో చిన్న పుస్తకాలు అచ్చు వేశాడు. నేడు మనం ఇటాలిక్ అనే వాలు అక్షరాలకు అదే మూలం. 1557లో రాబర్ట్ గ్రాంజాన్ ఫ్రాన్సులోని లియాన్ నగరంలో ఆనాటి ఫ్రెంచి చేతిరాతను అనుకరించే అక్షరాలను వెలువరించాడు. ఇవన్నీ చేతిరాతను తలపించినవే కాని చేతిరాత వలె ప్రవహించినవి కావు. 1953లో రోజర్ ఎక్స్‌కోఫాన్ అనే ఫ్రెంచి శిల్పి మిస్ట్రల్ అనే అక్షరాలలో, సీసంలోనే, ప్రతి అక్షరం ప్రక్క అక్షరాన్ని తాకేటట్లు కలిపే గీతలను ఒకే ఎత్తున అమర్చి చూపాడు. అది గొప్ప నేర్పు. అయితే అన్ని అక్షరాలు ఒకే ఎత్తున చేతులు కలుపుకోవాలనే నియమం వలన రాతకు సహజమైన చాంచల్యం కొంత తగ్గక తప్పదు.

సీసం పోయి ఫొటో ద్వారా అక్షరాలు కూర్చే యంత్రాలు వచ్చిన పిదప దిమ్మె అడ్డు తొలగినది. మాథ్యూ కార్టర్ 1960వ దశకంలో పూర్వపు ఇంగ్లీషు లేఖన గురువు చార్లెస్ స్నెల్ రాతను ఆధారం చేసుకొని స్నెల్ రౌండ్‌హ్యాండ్ అనే అక్షరాలను రూపొందించాడు. పెండ్లి పత్రికలపై గుండ్రని, సన్నపాటి ఇంగ్లీషు గొలుసుకట్టు రాతకు నేటికీ అది ఒక ప్రమాణం. అక్కడ కూడా అక్షరానికి ఒకే రూపం. 'ఇ' అనే ఇంగ్లీషు అక్షరం ఒక పదంలో మూడుసార్లు వస్తే మూడూ అచ్చు గుద్దినట్లే ఉంటవి. కన్ను వెంటనే పట్టుకొంటుంది.

హెర్మన్ జాఫ్

జాఫ్ 1918 నవంబరు 8న న్యూరెంబర్గ్ నగరంలో జన్మించారు. బాల్యంలో ఆయన కోరిక విద్యుత్ ఇంజనీరు కావడం. తండ్రి కార్మిక సంఘానికి చెందినవాడు. 1933లో నాజీలు అధికారానికి వచ్చిన పిమ్మట తండ్రి ఉద్యోగం పోయింది. కొంతకాలం డాఖౌ నిర్బంధ శిబిరంలో ఉంచబడ్డాడు. ఆ ఇంటి పిల్లవానికి సాంకేతిక విద్యాలయపు ద్వారాలు మూసుకొనిపోయినవి. బొమ్మలు చక్కగా వేస్తాడు కనుక ఏదైన ముద్రణ పని నేర్చుకొమ్మని ఉపాధ్యాయులు సలహా చెప్పారు. అచ్చు సంస్థలు ఒక్కొక్కటి పిలిచి రాజకీయాల ప్రశ్నలు వేసి త్రిప్పి పంపినవి. చివరకు టెలిఫోను పుస్తకంలో ఆఖరున ఉన్న సంస్థవారు ఆ ప్రశ్నలేవీ వేయలేదు. అక్కడ 1934లో ఛాయాచిత్రాలకు మెరుగులు దిద్దే పనిలో నాలుగేండ్ల శిక్షణకు కుదిరారు.

1935లో న్యూరెంబర్గ్‌లో, అంతకు ముందు సంవత్సరం మరణించిన అక్షరశిల్పి రుడాల్ఫ్ కోఖ్ పనుల ప్రదర్శన జరిగింది. దానిని చూచిన జాఫ్ రెండు పుస్తకాలు కొన్నారు: ఒకటి కోఖ్ వ్రాసినది, రెండవది ఇంగ్లండుకు చెందిన ఎడ్వర్డ్ జాన్‌స్టన్ రచన. ఒక కలం, ఆ రెండు పుస్తకాలు. గురువు లేడు. రాత్రులు ఇంటిలో కూర్చొని సాధన చేశారు. 1938లో శిక్షణ ముగిసిన పిమ్మట ఫ్రాంక్‌ఫర్ట్‌కు వెళ్ళి, కోఖ్ కుమారుడైన పాల్ కోఖ్ కార్యశాలలో చేరారు. మొదటి ముద్రాక్షరం గిల్‌గెన్‌గార్ట్ ఆ కాలంలోనే తయారయింది.

యుద్ధం రాగానే సైన్యంలోకి తీసుకున్నారు. ఆయుధాల పనికి పనికిరాడని తేలి, పటాలు గీయు విభాగానికి పంపబడ్డారు. ఫ్రాన్సులోని బోర్డో నగరంలో కూర్చొని స్పెయిన్ దేశపు పటాలు గీయడం ఆయన పని. పటాలలో ఊర్ల పేర్లు ఒక మిల్లీమీటరు ఎత్తున, భూతద్దం లేకుండా వ్రాయగలిగేవారు. చేతికి అంతటి నిగ్రహం కలిగిన తరువాతనే ఆ చెయ్యి స్వేచ్ఛగా తోకలు సాగదీసినది. జాఫినో చూచినవారు దానిని ఒక విలాసంగా తలుస్తారు. దాని వెనుక ఇటువంటి గట్టి సాధన ఉన్నదని నా అభిప్రాయం.

యుద్ధానంతరం ఫ్రాంక్‌ఫర్ట్‌లోని స్టెంపెల్ అక్షర కర్మాగారంలో కళాధికారిగా పనిచేశారు. పాలటినో, ఆప్టిమా అనే ప్రసిద్ధ ముద్రాక్షరాలు ఆయనవే. 1977 నుండి 1987 వరకు అమెరికాలోని రాచెస్టర్ సాంకేతిక విద్యాలయంలో ఆచార్యులుగా ఉన్నారు. కంప్యూటరు ద్వారా అక్షరాలు కూర్చుట మొదట నేర్పిన వారిలో ఒకరు. భార్య గుడ్రున్ జాఫ్ ఫాన్ హెస్సే కూడా స్వయంగా పేరుపొందిన అక్షరశిల్పి. జాఫ్ 2015 జూన్ 4న, తొంబది ఆరవ ఏట డార్మ్‌స్టాట్‌లో మరణించారు.

చిత్తు పుస్తకంలోని ఒక పుట

1944లో, యుద్ధం సాగుతూ ఉండగానే, జాఫ్ తన చిత్తు పుస్తకంలో ఒక పుటపై వాలు రాత వ్రాసి ఉంచుకున్నారు. ఆ రాతను ముద్రాక్షరంగా మార్చాలనే కోరిక అప్పటి నుండి ఉన్నది. 1950వ దశకపు ఆరంభంలో స్టెంపెల్ సంస్థ కొరకు వర్చుయోసా అనే చేతిరాత అక్షరాలు చేశారు గాని, సీసపు దిమ్మె పెట్టిన హద్దులు దాటలేకపోయారు. అనుకొన్న తోకలు, కలయికలు అందులో సాధ్యపడలేదు. పుట అట్లే ఉండిపోయింది.

1993లో డేవిడ్ సీగల్ అనే అమెరికను యువకుడు జాఫ్‌కు ఉత్తరం వ్రాశాడు. అతడు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదివినవాడు; గణిత గ్రంథాల ముద్రణ కొరకు జాఫ్ రూపొందించిన ఆయిలర్ అక్షరాల పనిలో పాల్గొన్నవాడు. ఒకే అక్షరానికి అనేక రూపాలు పెట్టి, కంప్యూటరు కార్యక్రమం వాటిలో ఒకదానిని ఎంచుకొనేటట్లు చేస్తే అచ్చు అచ్చువలె కాక రాతవలె కనబడగలదన్నది అతని ఆలోచన. జాఫ్‌కు 1944 నాటి పుట గుర్తుకు వచ్చినది. ఆ పుటయే నమూనా అయింది. జీనో లీ అనే ప్రోగ్రామరును పనిలోకి తీసుకున్నారు. పని చాలవరకు సాగిన తరువాత సీగల్ స్వంత జీవితంలో దెబ్బ తగిలి, దీనిపై ఆసక్తి విడిచి మరలిపోయాడు. అప్పటికి జాఫ్ వయస్సు డెబ్బది అయిదు దాటినది. పని ఆగిపోయినదని అనుకోవలసిన దశలో ఆయన దానిని లైనోటైప్ సంస్థ వద్దకు తీసుకొని వెళ్ళారు. వారు ఆ విస్తారమైన ప్రణాళికను నాలుగు వర్ణమాలలుగా, కొన్ని అలంకార చిహ్నాలతో సర్ది 1998లో వెలువరించారు. పుటకూ ఫాంటుకూ నడుమ యాభై నాలుగేండ్లు.

నాలుగు వర్ణమాలలనగా ఒకే అక్షరానికి నాలుగు వేషాలు. మొదటిది సాదా, తక్కినవాటిలో తోకలు మరింత సాగుతవి. కూర్చేవాడు తన కన్నుతో చూచి, ఏ పదంలో ఏ రూపం ఇమిడినదో ఎంచుకోవలెను. ఇది శ్రమతో కూడిన పని. 2003లో అకీరా కోబయాషి అనే జపాను శిల్పి సహకారంతో జాఫినో ఎక్స్‌ట్రా అనే విస్తృత రూపం వచ్చిన తరువాత ఆ ఎంపికను ఫాంటే చాలవరకు స్వయంగా చేసికొనసాగింది. ఆపిల్ సంస్థ తన కంప్యూటర్ల సాఫ్టువేరుతో జాఫినోను జోడించి ఇచ్చుట వలన అది లోకమంతటా వ్యాపించింది. ఆ రూపంలో వెయ్యికి మించిన అక్షర చిత్రాలున్నవి. ఒక చమత్కారం కూడ ఉన్నది: ఆ ఫాంటులో జాఫినో అనే పేరును ఇంగ్లీషు అక్షరాలలో టైపు చేస్తే, ఏడు అక్షరాలు కలిసి ఒక్కటే తోకల ముడిగా మారిపోతవి. 2014లో నదీన్ షహీన్ అనే శిల్పి అరబ్బీ లిపికి జాఫినోను వెలువరించారు. అరబ్బీ లిపి స్వభావతః గొలుసుకట్టే కనుక ఆ జోడీ చాల సహజమైనది.

అందరి చేతికి వచ్చినప్పుడు విలువ తగ్గుట కూడ లోకసహజమే. మర్దన కేంద్రాలు, పూల దుకాణాలు, యోగశాలలు అన్నియు ఈ అక్షరాలనే తగిలించుకొనుటతో వృత్తివారిలో కొందరికి దీనిపై మొగము మొత్తినది. ఆ దోషం అక్షరానిది కాదు.

పొరుగును ఎరిగిన అక్షరం

ఇపుడు ఈ ఏర్పాటు ఎట్లు పనిచేయునో చూతము. కంప్యూటరులో వ్రాసిన మాట సంకేత సంఖ్యల వరుసగా నిలువ ఉంటుంది. ఆ సంఖ్యలకు బొమ్మ చూపేది ఫాంటు. ఓపెన్‌టైప్ అనే ఫాంటు పద్ధతిని మైక్రోసాఫ్ట్, అడోబి సంస్థలు 1996లో ప్రకటించినవి. అందులో ఫాంటు లోపలనే ఒక పట్టిక ఉండవచ్చును: 'ఈ అక్షరం ప్రక్క ఆ అక్షరం వస్తే, మొదటిదానికి బదులు ఫలానా బొమ్మ చూపుము' అని. జాఫినోలో 'డి' అనే ఇంగ్లీషు అక్షరానికి ఒకటి కాదు, అనేక బొమ్మలున్నవి. పదం చివర వస్తే ఒకటి. ప్రక్కన పొడుగు అక్షరం ఉంటే, దానితో ఢీకొనకుండ తోక ముడుచుకొన్నది మరొకటి. వ్రాసినవాడు టైపు చేసినది ఒకే 'డి'. నిలువలో మార్పు లేదు. ముఖం మాత్రమే మారినది.

ఇదే పట్టిక తెలుగునకు లేకపోతే చదువే లేదు. తెలుగు అక్షరాలకు 1991లో యూనికోడ్‌లో సంకేతాలు కేటాయించారు. అందులో 'క్ష్మి' అనే రూపానికి ప్రత్యేకంగా ఒక సంఖ్య లేదు. క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఆరు సంకేతాలు వరుసగా ఉంటవి. ఫాంటులోని పట్టిక ఈ ఆరింటిని చూచి, ష ను క క్రిందికి చేర్చి 'క్ష' చేయాలి. మ ను వత్తుగా మార్చాలి. ఆఖరున వచ్చిన గుడిని తీసికొని వెళ్ళి మొట్టమొదటి క తలమీద పెట్టాలి. చివర టైపు చేసినది మొదటికి పోవుట గమనించండి. ముప్పది ఆరు హల్లులకు గుణింతాలు కడితేనే రూపాలు అయిదు వందలు దాటును. ప్రతి హల్లుకు ప్రతి హల్లు వత్తు చేర్చితే వేయికి మించును. జాఫ్ అర్ధశతాబ్ది కలగన్న విస్తారం తెలుగు ఫాంటుకు ఆరంభ దశలోనే కావలసిన సామగ్రి.

యూనికోడ్ వాడుకకు రాకముందు తెలుగు అచ్చుకూటాలలో ఒక్కొక్క సంస్థ ఫాంటుకు ఒక్కొక్క సంకేత పద్ధతి ఉండేది. ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలకే తెలుగు ముక్కల బొమ్మలు తగిలించి, తలకట్టు ఒకచోట, వత్తు ఒకచోట అతికించేవారు. ఆ యంత్రంపై అందంగానే ఉండేది. ఫైలు మరొక యంత్రంలో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల చెత్తగా మారేది. విండోస్ ఎక్స్‌పి తో వచ్చిన గౌతమి, అంతర్జాలంలో ఉచితంగా దొరికిన పోతన వంటి ఓపెన్‌టైప్ ఫాంటులతో ఈ దుస్థితి క్రమంగా తొలగినది. అంతర్జాలంలోని తెలుగువారు ఫాంటుకు 'ఖతి' అనే చక్కని మాటను వాడుకలోకి తెచ్చారు.

ప్రసంగవశాత్తు ఒక మాట. తెలుగు అక్షరాలు అచ్చులో వెలసిన తొలి పుస్తకాలు కూడ జర్మనీలోనివే. మద్రాసులో పనిచేసి స్వదేశానికి మరలిన బెంజమిన్ షుల్జ్ అనే మతప్రచారకుడు 1746 ప్రాంతంలో హాలె నగరంలో వాటిని ముద్రింపించాడు.

సరిహద్దు అచ్చుకూటంలో తెలుగు

మన ప్రాంతపు పెండ్లి పత్రిక తరచు రెండు, మూడు లిపులలో ఉంటుంది. ఊరివారికి రాష్ట్ర భాష, బంధువులకు తెలుగు, ఉద్యోగపు మిత్రులకు ఇంగ్లీషు. అచ్చుకూటం దగ్గరలోని పట్టణంలో ఉంటుంది. కూర్చేవానికి తెలుగు చదువ వచ్చునో రాదో చెప్పలేము. ఆయా రాష్ట్రాలలో చిక్కులు వేరు వేరు.

కన్నడ లిపికీ తెలుగునకూ వత్తుల అమరిక దాదాపు ఒకటే. కనుక బళ్ళారి, రాయచూరు, కోలారు ప్రాంతాలలో కన్నడం సరిగా కూర్చే యంత్రంలో మంచి తెలుగు ఖతి ఉంటే చాలును. తమిళంలో పొల్లును చుక్కగా పైన పెట్టి హల్లులను ప్రక్కప్రక్కనే వ్రాస్తారు. 'క్ష', 'శ్రీ' వంటి ఒకటి రెండు తప్ప కలయికలు లేవు. అందువలన హోసూరు, కృష్ణగిరి వైపు ఒక యంత్రం తమిళాన్ని చక్కగానే చూపిస్తున్నదని నమ్మి తెలుగును అప్పగించరాదు; వత్తుల పరీక్షకు ఆ యంత్రం ఎన్నడూ నిలిచి ఉండకపోవచ్చు. ఒరియాలో వత్తులు క్రిందికి చేరుతవి, మరాఠీ వ్రాసే నాగరిలో సగపు అక్షరాలు ప్రక్కకు అతుకుతవి. అవి కుదిరిన చోట తెలుగు కుదురుటకు అవకాశం ఎక్కువ. యానాములో తెలుగే వాడుక భాష గనుక ఈ బెడద లేదు. ఎచ్చటనైనను పుటలు కూర్చే కొన్ని సాఫ్టువేరులలో భారతీయ భాషల కూర్పును విడిగా ఎంచుకొనవలసి ఉంటుంది. అది ఎంచుకొనకపోతే ఖతి మంచిదైనా వత్తులు విడిపోతవి.

మా బంధువుల ఇంట ఒక వివాహానికి ఇట్లే జరిగినది. ఫోనులో చూపిన నమూనా బాగున్నది. ఫైలు మరొక యంత్రంలో తెరిచి అచ్చు వేసినారట. పెండ్లికుమార్తె పేరులోని 'లక్ష్మి' ముక్కలై పొల్లులతో నిలిచినది. ప్రక్కనే ఇంగ్లీషులో తోకల అక్షరాలు, అన్నియు పెద్దబడిలో. తెలుగు మాత్రమే చదువగల అమ్మమ్మగారు పత్రికను అటు ఇటు త్రిప్పి, "ఇందులో మన పిల్ల పేరు ఎక్కడున్నదిరా నాయనా?" అని అడిగినది. మరల అచ్చు వేయించుటకు వ్యవధి లేదు. పిల్ల మేనమామ రాత్రి కూర్చొని తెలుగు బంధువులకు పంపవలసిన వందకు పైగా పత్రికలపై ఆ పేరును కలంతో వ్రాసినాడు. ఆయన దస్తూరి బాగుండుటచేత అదియే ఉద్దేశించిన అలంకారమని కొందరు తలచినారు.

వాడుకలో తెలియవలసినవి

జాఫినో వంటి అక్షరాలను మొత్తం పెద్దబడిలో కూర్చరాదు. వీటి పెద్దబడి అక్షరాలు చిన్నబడి ముందు ఒకటి నిలుచుటకు చేసినవి; నాలుగు ఒకచోట చేరితే తోకలు చిక్కుపడి ఏ అక్షరమో తెలియదు. తెలుగువారి పేర్లకు ముందు ఇంటిపేరు, తాత పేరు, తండ్రి పేరు పొడి అక్షరాలుగా ఉంటవి గనుక ఈ తప్పు మన పత్రికలలోనే ఎక్కువ. పొడి అక్షరాలను సాదా ఖతిలో పెట్టుట, లేదా ఇంటిపేరు పూర్తిగా వ్రాయుట మేలు. తోకలు పై పంక్తిలోనికీ క్రింది పంక్తిలోనికీ చొచ్చుకొనిపోతవి. పంక్తుల నడుమ సాధారణ అక్షరాలకన్న చాల ఎక్కువ ఎడం విడువవలెను. ముహూర్తపు వేళ, తేదీ, చిరునామా, ఫోను నంబరు ఎన్నడూ అలంకార అక్షరాలలో వేయరాదు. వాలు రాతలో ఒకటి ఏడుగా, ఏడు ఒకటిగా కనబడుట కద్దు.

కాగితం సంగతి కూడ చూడవలెను. ముదురు రంగు కాగితంపై బంగారు రేకుతో అచ్చు వేసినప్పుడు సన్నని గీతలు నిలువవు. స్క్రీన్ ముద్రణలో సిరా అల్లుకొని సందులు పూడిపోతవి. వధూవరుల పేర్లవలె రెండు మూడు మాటలను పెద్ద పరిమాణంలో వేసినప్పుడే ఈ అక్షరాల అందం నిలుస్తుంది.

జాఫినో ఉచిత ఖతి కాదు. ఆపిల్ యంత్రాలలో వెంట వచ్చును; ఇతరులు కొనవలెను. తెలుగులో చేతిరాత పోకడ కావలసినవారికి చేరువలోనే మార్గమున్నది. చిత్రకారుడు బాపు చేతిరాత తెలుగువారికి ఎంత పరిచితమో చెప్పనక్కరలేదు. దానిని అనుసరించిన ఖతులు చాలకాలంగా వాడుకలో ఉన్నవి. సిలికానాంధ్ర సంస్థ వెలువరించిన ఖతులలో లక్కిరెడ్డి అనునది చేతిరాత పోకడ గలది, ఆహ్వాన పత్రికలకు, శీర్షికలకు ఉద్దేశించినది. రవిప్రకాష్ కూడ అలంకారానికే. ఇవి గూగుల్ ఖతుల భాండారంలో యూనికోడ్ రూపంలో ఉచితంగా లభించును. అచ్చుకూటానికి వెళ్ళేవారు తామే దించుకొని తీసికొని వెళ్ళవచ్చును.

అచ్చుకు ముందు నమూనాను ఫోనులో కాక, అచ్చు వేసే యంత్రం నుండి కాగితంపై తీయించి చూడవలెను. పత్రికలోని పేర్లతోపాటు లక్ష్మి, శ్రీనివాస్, కృష్ణమూర్తి, జ్యోత్స్న, స్వాతంత్ర్యం అనే అయిదు మాటలను కూడ కూర్చుమని అడుగుడు. ఇవి సరిగా వచ్చిన యంత్రంలో మన పేర్లలో తక్కినవి దాదాపు అన్నియు సరిగా వచ్చును. 'త్స్న'లో రెండు వత్తులు ఒకదానిమీద ఒకటి పడి నలగకుండ ఉన్నవో లేవో ప్రత్యేకంగా చూడుడు. మంచి ఖతులు సైతం తడబడునది అక్కడనే.